అడగండి... చెబుతాం: పెన్షన్ ఆగిందా? ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోండి

ఈసారి బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ చుట్టూ తిరిగాయి. వస్తున్న పెన్షన్ ఆగిపోవడం, కార్డులోంచి పేరు ఎగిరిపోవడం, రేపు రా ఎల్లుండి రా అని తిప్పడం. పేర్లు తీసేసి, ఒకేలాంటివి కలిపి జవాబులిస్తున్నాం. మొత్తాలు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున కౌంటర్లో మరోసారి సరిచూసుకోండి.

ప్రశ్న: సార్, మాది మదనపల్లి తావ పల్లె. ఇరవై ఏండ్లుగా కె.ఆర్. పురంలో ఉండాము. మా యమ్మకు డెబ్బై ఏండ్లు. సంధ్యా సురక్ష దుడ్లు నెలకు 1,200 వస్తా ఉండె. నాలుగు నెలలైంది, రూపాయి పడలేదు. బ్యాంకులో అడిగితే గవర్నమెంటు ఏయలేదంటారు. నాడకచేరిలో అడిగితే ‘బరుత్తె, బరుత్తె’ అంటారు. ఎవుర్ని అడగాలో చెప్పండి.
— పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: ‘వస్తుంది’ అన్న మాటను నమ్ముకుని కూర్చోకండమ్మా. సంధ్యా సురక్ష, అంటే కర్ణాటక ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్, నాలుగు చోట్ల ఆగుతుంది. ఖజానా నుంచి నిధులే విడుదల కాకపోవచ్చు. మీ అమ్మగారి పేరు జాబితాలోంచి తీసేసి ఉండవచ్చు. డబ్బు వేశారు గానీ వేరే ఖాతాకు పోయి ఉండవచ్చు. సరైన ఖాతాకే వచ్చి వెనక్కి తిరిగిపోయి ఉండవచ్చు. నాలుగింటికీ వెళ్లాల్సిన ఆఫీసు వేరు, రాయాల్సిన అర్జీ వేరు. అది తేలకుండా తిరిగితే బ్యాంకు వాళ్లు నాడకచేరికి (తహసీల్దారు కింది రెవెన్యూ ఆఫీసు), నాడకచేరి వాళ్లు బ్యాంకుకు పంపుతూనే ఉంటారు.

మొదటి పని ఇంటి దగ్గరే అయిపోతుంది. మీ వీధిలో అదే పథకం కింద తీసుకుంటున్న మరో ఇద్దరిని అడగండి. వాళ్లకూ పడకపోతే నిధుల ఆలస్యం. అది మీ ఒక్కరి అర్జీతో కదలదు గానీ, బకాయి పోదు. వాళ్లకు పడి మీకు పడకపోతే మిగిలిన మూడింటిలో ఒకటి.

తర్వాత ‘డీబీటీ కర్ణాటక’ యాప్ చూడండి. అమ్మగారి ఆధార్ నంబరు కొడితే, ఆధార్‌కు లింకైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను ఇప్పుడు వాడకంలో లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి. యాప్‌లో నెలవారీ చెల్లింపులు, తేదీ, డబ్బు వెళ్లిన బ్యాంకు పేరు కనబడతాయి. ఆ నాలుగు నెలలకూ చెల్లింపు చూపిస్తూ, బ్యాంకు పేరు మాత్రం మీకు తెలియనిదైతే చిక్కు ముడి అక్కడే ఉంది.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటున్నారు. పాస్‌బుక్కు మీద ఆధార్ నంబరు ఉండటం, ఆధార్ ద్వారా డబ్బు ఆ ఖాతాకు రావడం ఒకటి కాదు. ప్రభుత్వ డబ్బు ఆధార్ నంబరు మీద వస్తే, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పట్టికలో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న బ్యాంకుకే పోతుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరిసారి ఏ బ్యాంకు సీడింగ్ చేస్తే (ఆధార్‌ను ఖాతాకు జతచేస్తే) దానిదే. ఎవరో ఇంటికొచ్చి ‘జీరో బ్యాలెన్స్ ఖాతా, వేలిముద్ర వేయండి చాలు’ అన్నప్పుడు పెద్దవాళ్లు వేసేస్తారు. పట్టికలో బ్యాంకు మారిపోతుంది. పాత పాస్‌బుక్కు ఎన్నిసార్లు ప్రింటు వేయించినా డబ్బు కనబడదు. మై ఆధార్ వెబ్‌సైట్లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఆధార్‌కు లింకైన ఫోను నుంచి *99*99*1# కొట్టినా తెలుస్తుంది. డబ్బు అక్కడ పడి ఉంటే తీసుకోవచ్చు, ఎక్కడికీ పోదు. మళ్లీ పాత బ్యాంకుకు రావాలంటే అక్కడ ఆధార్ సీడింగ్ సమ్మతి ఫారం ఇవ్వండి. ‘కేవైసీ కోసం’ అని కాకుండా ‘ప్రభుత్వ నగదు బదిలీ కోసం’ అన్న గడి మీద టిక్కు ఉండాలి. ఆ టిక్కు లేకపోతే ఫారం ఇచ్చినా పట్టిక మారదు.

డబ్బు వచ్చి వెనక్కి పోయిందంటే ఖాతాలో ఏదో అడ్డముంది. జన్‌ధన్ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. ఆ రోజుల్లో తెరిచిన ఖాతాలకు పదేళ్లు నిండి మళ్లీ కేవైసీ అడుగుతున్నారు. ఇవ్వకపోతే లావాదేవీలు ఆపేస్తారు. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన ‘స్మాల్ అకౌంట్’ అయితే బ్యాలెన్సు 50,000 (ప్రభుత్వ సాయం జమకు ఈ పరిమితి లేదు), ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు. జమ పరిమితి దాటితే పెన్షన్ తిరిగి వెళ్లవచ్చు. ఆధార్, ఒక ఫోటో ఇచ్చి పూర్తి కేవైసీ చేయిస్తే తీరిపోతుంది. ఆ తర్వాత తిరిగిపోయిన నెలలను మళ్లీ వేయమని నాడకచేరిలో అర్జీ ఇవ్వాలి. చాలామంది ఇది మరిచిపోతారు. దానంతటదే వస్తుందని ఎదురుచూడకండి.

ఇక పేరు తీసేసి ఉంటే? బెంగళూరులో మామూలుగా జరిగేది ఇది: అద్దె ఇల్లు మారతారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు తనిఖీకి పాత చిరునామాకు వెళ్తాడు. ‘దొరకలేదు’ అని రాస్తాడు. లేదా రేషన్ కార్డు బీపీఎల్ నుంచి ఏపీఎల్‌లోకి (పేదరిక రేఖకు ఎగువకు) మారిపోతుంది, దాంతో పెన్షన్ కూడా పోవచ్చు. 2024 నవంబరులో కర్ణాటకలో బీపీఎల్ కార్డులు పెద్ద ఎత్తున ఏపీఎల్‌లోకి మార్చి, గొడవయ్యాక అర్హులవి తిరిగి ఇస్తామన్నారు. ఆ వరసలో మీ కార్డు మారిందేమో కూడా చూసుకోండి. నోటి మాట వద్దు. తహసీల్దారు పేరున రెండు ప్రతుల్లో అర్జీ ఇచ్చి, ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. కన్నడంలో ఈ రెండు వాక్యాలు చాలు: ‘నన్న పించణియన్ను యావ తింగళినింద, యావ కారణక్కె నిల్లిసలాగిదె? ఆ ఆదేశద ప్రతియన్ను కొడి.’ (నా పెన్షన్ ఏ నెల నుంచి, ఏ కారణంతో ఆపారు? ఆ ఉత్తర్వు ప్రతి ఇవ్వండి.) కాగితం మీద కారణం రాయాల్సి వచ్చినప్పుడు, కారణం లేని రద్దులు చాలావరకు నిలబడవు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రుసుము 10 రూపాయలు, బీపీఎల్ కార్డు నకలు జతచేస్తే అదీ లేదు. కర్ణాటక నిబంధనల్లో ఒక మెలిక ఉంది: దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. పెన్షన్, రేషన్ కలిపి రాస్తే తిప్పి పంపుతారు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఫిర్యాదుకు 1902 జనస్పందన, ఉచిత న్యాయ సాయానికి 15100. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సాయం ఉంది కాబట్టి అమ్మగారి పేరునే అడగండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో, కేంద్ర వృద్ధాప్య పెన్షన్ ప్రతి నెలా 7వ తేదీలోగా చెల్లించాలని ఆదేశించింది. అమ్మగారిది రాష్ట్ర పథకమే అయినా, అర్జీలో ఆ ఆదేశాన్ని ప్రస్తావించడం వల్ల నష్టం లేదు.

ప్రశ్న: మా అత్తగారికి చిత్తూరు జిల్లాలో ఎన్టీఆర్ భరోసా కింద 4,000 వస్తోంది. ఒంటరిగా ఉండలేకపోతున్నారు, బెంగళూరు తెచ్చుకోవాలనుకుంటున్నాం. పెన్షన్ ఇక్కడికి మార్పించుకోవచ్చా? ఆధార్‌లో అడ్రసు మారిస్తే నయమా?
— పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మార్పించడం కుదరదు. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షన్. రాష్ట్రం లోపల ఒక సచివాలయం నుంచి మరో సచివాలయానికి బదిలీ చేస్తారు గానీ రాష్ట్రం దాటి పంపరు. నెల మొదటి తేదీన, ఆ రోజు సెలవైతే ముందు రోజే, సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకుని చేతికిస్తారు. ఊళ్లో లేకపోతే ఒకటి రెండు నెలలవి మూడో నెలలో కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. కాబట్టి కనీసం మూడో నెలకైనా ఆమె ఊరికి వెళ్లి రావాలి. బస్సు ప్రయాణానికి ఒళ్లు సహకరిస్తుందా లేదా అన్నది మీరు చూసుకోవాల్సిన విషయం.

కర్ణాటక పెన్షన్‌కు మారితే నెలకు 1,200. పైగా దానికి భార్యాభర్తల వార్షికాదాయం 32,000 దాటకూడదు, ఇక్కడి రేషన్ కార్డు కావాలి. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, పట్టుబడితే రికవరీ పెడతారు. అందుకని ఆలోచించకుండా ఆధార్ అడ్రసు మార్చకండి.

మీరు అడగలేదు గానీ, దీని కంటే ముఖ్యమైన ముప్పు ఇంకోటి ఉంది. ఆంధ్రలో పెన్షన్ అర్హతను ఇంటి మొత్తాన్ని ఒకే లెక్కగా తీసుకుని చూస్తారు. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 లోపు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు. కారు, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను లేకుండా ఉండాలి. మున్సిపాలిటీలో ఉంటే ఇంటి వైశాల్యం కూడా చూస్తారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు పేరు ఊళ్లో తల్లి రైస్ కార్డులోనో, సచివాలయంలోని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనో (ఏ ఇంట్లో ఎవరున్నారన్న నమోదు) ఇంకా ఉంటే, అతని ఆదాయపు పన్ను వల్ల ఆమె పెన్షన్ పోతుంది. మీవారి పేరు ఎక్కడుందో సచివాలయంలో అడిగి, పెళ్లి సర్టిఫికెట్టు, బెంగళూరు చిరునామా చూపించి వేరు చేయించండి. కరెంటు మీటర్ల విషయంలోనూ ఇదే అవస్థ. ఇంటి యజమాని మీటర్లకు అద్దెదారు ఆధార్ ఎక్కించిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు విద్యుత్ సంస్థ ఏఈ ఆఫీసులో ఆధార్ విడదీయించి, ఆ కాగితంతో సచివాలయంలో గ్రీవెన్స్ పెట్టాలి.

రేషన్ బియ్యం మాత్రం ఇక్కడే తీసుకోవచ్చు. ఆమె కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కిందిదైతే బెంగళూరులో ఏ చౌకధరల దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తలకు 5 కిలోలు తీసుకోవచ్చు. ఆంధ్ర సొంతంగా ఇచ్చిన, ఈ చట్టం పరిధిలోకి రాని కార్డులకు ఈ సౌకర్యం లేదు. కర్ణాటక తన డబ్బుతో ఇచ్చే అదనపు సరుకు కూడా ఆమెకు రాదు. డీలరు ‘స్టాకు లేదు’ అంటే నెల మొదటి పది రోజుల్లో వెళ్లి చూడండి.

ప్రశ్న: ఒకపక్క గ్యారంటీలకు వేల కోట్లు పోస్తున్నామంటారు. మరోపక్క మీ పత్రిక ‘సంక్షేమంలో కోతలు’ అని రాస్తుంది. రెండూ ఎలా నిజమవుతాయి? అప్పులు చేసి పంచమంటారా?
— విశ్రాంత ఉద్యోగి, జయనగర

జవాబు: రెండూ నిజమేనండి. కర్ణాటక 2025-26 బడ్జెట్లో ఐదు గ్యారంటీలకు (గృహలక్ష్మి వంటి ఎన్నికల హామీ పథకాలు) సుమారు 51,000 కోట్లు కేటాయించింది. అదే కర్ణాటక 2002లోనే ద్రవ్య బాధ్యత చట్టం తెచ్చింది. దాని ప్రకారం ద్రవ్యలోటు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతానికి మించకూడదు. కేంద్రం కూడా ఇలాంటిదే 2003లో ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం చేసింది. పైన ఇలా గీత గీశాక జీతాలు, వడ్డీలు, ఉద్యోగుల పెన్షన్లు తగ్గించలేరు. కొత్త పథకానికి ఓట్లున్నాయి. మిగిలింది పాత పథకాలు. వాటిని రద్దు చేస్తున్నామని ఎవరూ చెప్పరు. మొత్తాన్ని పెంచకుండా వదిలేస్తారు, లబ్ధిదారుల సంఖ్యకు గరిష్ఠ పరిమితి పెడతారు, తనిఖీ పెంచుతారు, విడుదల జాప్యం చేస్తారు.

కేంద్ర వృద్ధాప్య పెన్షన్ చూడండి. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైంది. 2007 నుంచి 80 ఏళ్ల లోపు వారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. 2011లో అర్హత వయసు 65 నుంచి 60కి దించారు, 80 దాటిన వారికి 500 చేశారు. వితంతు, వికలాంగ పెన్షన్లు 2012లో 300 అయ్యాయి. ఆ తర్వాత పెంపు లేదు. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పునే పెరిగాయనుకుని లెక్కేయండి. 18 ఏళ్లలో 2.85 రెట్లవుతాయి. అంటే నేటి 200కు అప్పటి 70 రూపాయల సరుకే వస్తుంది. పైసా తగ్గించలేదని ప్రభుత్వం చెప్పగలదు, అది అబద్ధమూ కాదు. కానీ మూడింట రెండు వంతులు పోయాయి. 2017 డిసెంబరులో జీన్ డ్రెజ్, రీతికా ఖేరా సహా 60 మంది ఆర్థికవేత్తలు కనీసం 500 చేయమని అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీకి లేఖ రాశారు. జరగలేదు. 2024-25లో ఈ కార్యక్రమానికి కేటాయింపు 9,652 కోట్లు, 2025-26లోనూ అంతే. మన దగ్గర 1,200, ఆంధ్రలో 4,000 వస్తున్నాయంటే భారం రాష్ట్రాలు మోయడం వల్లే. మోయలేని రాష్ట్రంలో పుట్టిన ముసలివాళ్ల సంగతి ఆలోచించండి.

పరిమితికి ఉదాహరణ రేషను. 2013 చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు హక్కు ఇచ్చింది. లెక్క మాత్రం 2011 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోయింది. దేశం మొత్తానికి 81.35 కోట్లు. ఈ మధ్యలో బెంగళూరు ఎంత పెరిగిందో మీకు చెప్పక్కర్లేదు. కోటా నిండిన చోట కొత్త కార్డు ఇవ్వాలంటే పాత కార్డు ఒకటి తీసేయాలి. పేదవాడి కార్డు ఇంకో పేదవాడి కార్డుకు పోటీ అయింది.

ఇక ఆదాయ పరిమితి. ఏటా 32,000 అంటే నెలకు 2,700 కూడా కాదు. బెంగళూరులో నాలుగిళ్లలో పాచిపని చేసే ఆవిడ సంపాదన ఇంతకంటే ఎక్కువ. కాబట్టి సర్టిఫికెట్టు మీద తక్కువ రాయక తప్పదు. అలా రాయించుకున్న ప్రతి మనిషిని రేపు ‘అనర్హులు’ అని తీసేయడానికి కారణం ఫైల్లో సిద్ధంగా ఉంటుంది. మా దృష్టిలో అన్నింటికంటే అన్యాయమైన కోత ఇదే. ప్రజలను అబద్ధం చెప్పక తప్పని స్థితిలోకి నెట్టి, ఆ అబద్ధాన్నే సాక్ష్యంగా వాడడం.

అప్పుల గురించి మీ ఆందోళన తప్పు కాదు. వడ్డీలకే పోయే డబ్బు ఆసుపత్రులకు రాదు. కానీ అనర్హుల ఏరివేత ద్వారా ఆదా చేయాలనుకున్నప్పుడు కంప్యూటరు, తనిఖీ, వేలిముద్ర అన్నీ కలిసి అర్హులనే ముందు బయట పడేస్తాయి. కాగితాలు సర్దుకోగలిగేది ఉన్నవాడే. 1997లో దేశమంతా బీపీఎల్, ఏపీఎల్ అని రేషన్‌ను విడదీసినప్పుడు తమిళనాడు అందరికీ రేషన్ కొనసాగించింది. అక్కడ పేదవాడు దుకాణం ముందు తన పేదరికాన్ని రుజువు చేసుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా ఆయనకు చిన్న చిల్లర అంగడి ఉంది. ఎవరో చెప్పారని జీఎస్టీ చేయించాడు. అప్పటి నుంచి గృహలక్ష్మి 2,000 ఆగిపోయింది. మాకు పన్ను కట్టేంత వ్యాపారమే లేదు.
— పాఠకురాలు, యశవంతపుర

జవాబు: గృహలక్ష్మి అంటే ఇంటి యజమానురాలికి కర్ణాటక ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం. నిబంధన ప్రకారం ఇంటి యజమానురాలు గానీ భర్త గానీ ఆదాయపు పన్ను లేదా జీఎస్టీ కట్టేవారైతే అర్హత లేదు. సరుకులు అమ్మే అంగడికి ఏటా 40 లక్షల టర్నోవరు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతకంటే తక్కువైతే రద్దు చేయించుకోవచ్చు. పోర్టల్లో ఆర్ఈజీ-16 ఫారం వేస్తే, ఆర్ఈజీ-19లో రద్దు ఉత్తర్వు వస్తుంది. ఆ తర్వాత మూడు నెలల్లో చివరి రిటర్ను జీఎస్టీఆర్-10 వేయాలి, లేకపోతే ఆలస్య రుసుము పడుతుంది. పాత రిటర్నులు బాకీ ఉంటే రద్దు ముందుకు కదలదు. ఉత్తర్వు నకలు, రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని మీ ప్రాంత సీడీపీఓ (మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారి) ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. టోకు వ్యాపారులు జీఎస్టీ బిల్లు మీదే సరుకిస్తున్నారా అన్నది ముందు చూసుకుని రద్దు నిర్ణయం తీసుకోండి. ఏడాదికి 24,000 కోసం వ్యాపారం దెబ్బతినకూడదు.

ఆదాయపు పన్ను రిటర్ను వేసి సున్నా పన్ను చూపించిన వారిని కూడా ‘పన్ను చెల్లింపుదారు’గా గుర్తించిన ఉత్తరాలు మాకు మరికొన్ని వచ్చాయి. వారు రిటర్ను రసీదు, 26ఏఎస్ పత్రం (పేరు మీద జమైన పన్ను చూపేది) జతచేసి అదే ఆఫీసులో అడగాలి.

ప్రశ్న: కళ్యాణదుర్గం నుంచి వచ్చి హెబ్బాళ దగ్గర బేల్దారి పని చేస్తాండాం. మేస్త్రీ లేబర్ కార్డు కర్ణాటకోళ్లకే అంటాడు. నిజమేనా?
— పాఠకుడు, హెబ్బాళ

జవాబు: నిజం కాదు. భవన నిర్మాణ కార్మికుడిగా నమోదు కావడానికి ఏ రాష్ట్రం వాడన్నది అడ్డు కాదు. వయసు 18 నుంచి 60 లోపు ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 90 రోజుల పని ధ్రువపత్రం మీద కాంట్రాక్టరో, ఇంటి యజమానో సంతకం పెట్టాలి. మేస్త్రీ తప్పించుకునేది ఇక్కడే. సంతకం పెడితే తన మీదికి వస్తుందని భయం. సైటు యజమానిని నేరుగా అడగండి, లేదా లేబర్ ఇన్‌స్పెక్టరు ఆఫీసులో అడగండి.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. ఈ కార్డు మీద వచ్చే సాయం ప్రభుత్వం దయతలచి ఇచ్చే డబ్బు కాదు. కట్టడం ఖర్చు మీద 1 శాతం సెస్సుగా వసూలు చేసి ప్రత్యేక నిధిలో పెడతారు. లోటు బడ్జెట్ సాకు దీనికి వర్తించదు. అయినా దేశవ్యాప్తంగా ఈ నిధి ఖర్చు కాకుండా మూలిగింది. కార్మికుల డబ్బుతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని తెలిసి సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీవ్రంగా తప్పుబట్టింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా సెస్సు ఉంది, ఆ నిధిని చూసే కార్మిక సంక్షేమ బోర్డూ ఉంది. బోగస్ కార్డుల ఏరివేతలో అసలు కార్మికులవీ రద్దవుతున్నాయి కాబట్టి రెన్యువల్ తేదీ దాటనివ్వకండి, పనిచేసే సైటు పేరు, యజమాని ఫోను రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తోంది, ఇప్పుడు గర్భవతి. డిపెండెంట్‌గా వెళ్లిన అల్లుడి ఉద్యోగం పోయింది. అక్కడ ప్రభుత్వ సాయాల్లో కోతలంటున్నారు. వాళ్లకేమైనా దొరుకుతుందా?
— తల్లి, వైట్‌ఫీల్డ్

జవాబు: వాళ్ల వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అన్న షరతు ఉంటుంది. అంటే యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం వారికిచ్చే సాయం), చైల్డ్ బెనిఫిట్ (పిల్లల సాయం), ఇంటి అద్దె సాయం, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) తగ్గింపు వంటివి తీసుకోకూడదు. తీసుకుంటే వీసా పొడిగింపుకే ఎసరు. తెలియక చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు పెట్టకుండా చూడండి, ఆసుపత్రిలో ఇచ్చే సమాచార పత్రాల్లో దాని గురించీ ఉంటుంది.

అయితే కొన్ని ‘పబ్లిక్ ఫండ్స్’ కిందికి రావు. ప్రసూతి సెలవు వేతనం యజమాని ఇచ్చేది, 39 వారాలు వస్తుంది, అందులో మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం. దానికి ప్రసవం తేదీకి 15 వారాల ముందు నాటికి అదే యజమాని దగ్గర 26 వారాలు నిరంతరం పనిచేసి ఉండాలి. అల్లుడు గత రెండు పన్ను సంవత్సరాల్లో నేషనల్ ఇన్సూరెన్స్ తగినంత కట్టి ఉంటే ‘న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్’ ఆరు నెలల వరకు తీసుకోవచ్చు. అది తాను కట్టిన చందా మీద వచ్చేది, వీసా షరతు అడ్డు రాదు. వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జి కట్టారు కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ప్రసవానికి వేరే బిల్లు ఉండదు.

కోతల మాట కూడా నిజమే. 2010లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ మొదలుపెట్టిన పొదుపు విధానంలో స్థానిక కౌన్సిళ్లకు కేంద్ర నిధులు బాగా తగ్గాయి. 2016 నుంచి 2020 వరకు పని వయసు వారి సాయాలు చాలావరకు పెంచకుండా నిలిపేశారు. 2017 ఏప్రిల్ నుంచి మూడో బిడ్డకు సాయం లేదన్నారు. ఆ నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని 2025 నవంబరు బడ్జెట్లో ప్రకటించారు. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబరు 5న కొత్త ఖర్చులు పెట్టలేమని సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. దాని వెనక ఉద్యోగుల సమాన వేతన బకాయిలున్నాయి, ఏళ్ల తరబడి తగ్గిన నిధులూ ఉన్నాయి. చేతనైతే మూడు నెలల అద్దె పక్కన పెట్టుకోమనండి. మరీ ఇబ్బందైతే సేవాసంస్థల ఫుడ్ బ్యాంకుకు వెళ్లడం వీసా షరతుకు విరుద్ధం కాదు, మొహమాటపడొద్దని చెప్పండి.

ప్రశ్న: మా చెల్లెలి భర్త ఆటో నడిపేవాడు, 43 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఇద్దరు పిల్లలు, బీపీఎల్ కార్డు ఉంది. ఏం అడగాలి?
— పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: ముందు అతని బ్యాంకు పాస్‌బుక్కు ప్రింటు వేయించండి. మే నెలాఖరు, జూన్ మొదట్లో 436 రూపాయలు తీసినట్టు ఉందేమో చూడండి. ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు. బీమాలో మొదటిసారి చేరిన 30 రోజుల్లోపు జరిగిన సహజ మరణానికి మాత్రం రాదు. పక్కనే కనబడే 20 రూపాయలు ప్రమాద బీమాది, గుండెపోటుకు వర్తించదు. బ్యాంకు వాళ్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. క్లెయిము ఫారం అదే శాఖలో అడిగి, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, ఆమె ఖాతా వివరాలతో వీలైనంత త్వరగా ఇవ్వండి. ఇంట్లో అతనికి రెండో ఖాతా ఉంటే దాని పాస్‌బుక్కూ చూడండి.

రెండోది జాతీయ కుటుంబ సహాయ పథకం. బీపీఎల్ కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న సంపాదనపరుడు చనిపోతే ఒకేసారి 20,000 ఇస్తారు. 2012లో 10,000 నుంచి పెంచారు, అక్కడే ఆగింది. మూడోది వితంతు పెన్షన్, కర్ణాటకలో నెలకు 800. రెండింటికీ నాడకచేరిలో వేర్వేరు దరఖాస్తులు వేయాలి. ఒకటి పెట్టి రెండూ పెట్టామనుకుని వచ్చేస్తారు, రసీదులు రెండు ఉన్నాయా చూసుకోండి. రసీదు మీద సకాల (గడువులోగా సేవలందించే కర్ణాటక పథకం) నంబరు, గడువు తేదీ ఉంటాయి. గడువు దాటితే ఆ నంబరుతోనే అప్పీలు చేయాలి, రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం అడిగే హక్కూ ఉంది. గృహలక్ష్మి ఆమెకు ఇప్పటికే వస్తుంటే అది వితంతు పెన్షన్‌కు అడ్డు కాదు. భర్త పేరు రేషన్ కార్డులోంచి మీరే తీయించండి. అలాగే వదిలేసి తర్వాత తనిఖీలో బయటపడితే మొత్తం కార్డు మీదే అనుమానం వస్తుంది.